పక్క సీటుకూ పాఠం కావాలి

గేర్ల కారు నేర్చుకోవడం ఒకరి పని అనుకుంటాం. సూరత్ రోడ్ల మీద చూస్తే అది ఇద్దరి పని.

భార్యకు కారు నేర్పబోయి భర్త విసుక్కోవడం, నాలుగు రోజులు తిరక్కుండానే ఆమె తాళంచెవి అతని చేతిలో పెట్టి దిగిపోవడం మన ఇళ్ళలో ఎంత మామూలైపోయిందంటే, దాన్ని సినిమాలూ టీవీ కార్యక్రమాలూ ఎప్పటినుంచో నవ్వులకు వాడుకుంటున్నాయి. నవ్వుకున్నాక మిగిలేది మాత్రం నష్టమే. ఇంటి కారు ఏళ్ళ తరబడి ఒక్కరి చేతిలోనే ఉండిపోతుంది. కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2020 నాటి లెక్కల్లో దేశంలోని డ్రైవింగ్ లైసెన్సుల్లో స్త్రీల పేరు మీద ఉన్నవి నూటికి సుమారు ఏడు. దీనికి డబ్బు, భయం, అలవాటు, ఇంటి కట్టుబాట్లు లాంటి కారణాలు ఎన్నో ఉన్నాయి. వాటితోపాటు లెక్కలోకి రాని కారణం ఒకటి కారు ముందు వరుసలోని రెండు సీట్ల మధ్యే ఉందని నా అభిప్రాయం. భార్యాభర్తల్లో ఒకరు ఇంకొకరికి నేర్పడంలో తప్పేమీ లేదు. ఎలా నేర్పాలో తాను తెలుసుకోకుండా పక్క సీట్లో కూర్చోవడంతోనే చిక్కంతా వస్తోంది. డ్రైవరు సీట్లో కూర్చునేవాళ్ళకు పాఠం ఎంత అవసరమో పక్క సీట్లో కూర్చునేవాళ్ళకూ అంతే అవసరం.

సూరత్ తెలుగువాళ్ళను మనసులో పెట్టుకునే ఈ మాట అంటున్నాను. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి మరమగ్గాల పని మీద వచ్చిన పద్మశాలీ కుటుంబాలు లింబాయత్, గోడాదరా చుట్టుపక్కల తరాలుగా స్థిరపడ్డాయి. వాళ్ళ పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. హజీరాలోని ఉక్కు, గ్యాస్, ఎరువుల కర్మాగారాలకూ, సర్దార్ వల్లభ్‌భాయ్ జాతీయ సాంకేతిక సంస్థకూ ఉద్యోగాల మీద వచ్చినవాళ్ళది ఇంకో వరస. మొదటివాళ్ళ ఇళ్ళకు కారు ఇప్పుడిప్పుడే వస్తోంది, అదీ ఎక్కువగా సెకండ్ హ్యాండ్ బండి. రెండోవాళ్ళ ఇళ్ళలో కారు ఎప్పుడో వచ్చింది. భర్త కంపెనీ బస్సెక్కి షిఫ్టుకు వెళ్ళిపోతే పగలంతా అది అపార్ట్‌మెంటు కింద నిలబడి ఉంటుంది. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నది ఊరి దారి. బతుకమ్మకో సంక్రాంతికో సొంతూరు చేరాలంటే వందల కిలోమీటర్లు నడపాలి. హజీరా దగ్గర మొదలై ధూలే, జల్‌గావ్, అకోలా, అమరావతి మీదుగా నాగపూర్ చేరే 53వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని అక్కడి నుంచి కిందికి దిగేవాళ్ళున్నారు. ఏ దారి పట్టినా రాత్రంతా స్టీరింగు ఒక్కరి చేతిలోనే ఉంటుంది. పక్కనున్న మనిషి నిద్ర రాకుండా కబుర్లు చెప్పగలదు, ఫ్లాస్కులో టీ పోసి ఇవ్వగలదు, కానీ గంటసేపు తాను నడపలేదు. తెల్లవారుజామున కునుకు పట్టే వేళ ఈ లోటు ప్రాణాల మీదికి తెస్తుంది.

నేర్చుకోబోయేది ఎవరో ముందు సరిగా చూడాలి. గుజరాత్ నగరాల్లో స్త్రీలు స్కూటరు నడపడం ఎప్పటినుంచో ఉన్నదే. పిల్లల్ని బడిలో దించుతారు, కూరగాయల సంచి ముందు పెట్టుకుని సందులు దాటుతారు, తప్పు దారిలో ఎదురొచ్చే ఆటోను తప్పించుకుంటారు. బీఆర్‌టీఎస్ బస్సుల దారి పక్కన ఎక్కడ మళ్ళాలో వాళ్ళకు తెలుసు. 2017లో ఇక్కడి నగరపాలక సంస్థ గులాబీ రంగు ఆటోలు మొదలుపెట్టినప్పుడు వాటిని నడిపింది స్త్రీలే. ఆటోలో గేర్లూ ఉంటాయి, క్లచ్చూ ఉంటుంది, కాకపోతే అది చేతి కింద ఉంటుంది. కాబట్టి సూరత్‌లో కారు నేర్చుకోవడానికి కూర్చునే సగటు గృహిణికి రోడ్డు కొత్త కాదు. ఆమెకు కొత్తవి మూడే: ఎడమ కాలి కింది క్లచ్, బండి వెడల్పు, వెనక్కి నడపడం. భర్త పాఠం మాత్రం ‘ముందు చూడు, అద్దం చూడు, అటు మనిషి వస్తున్నాడు చూడు’ అన్న దగ్గర మొదలవుతుంది. తెలిసినది మళ్ళీ చెబుతాడు, తెలియని దాని దగ్గరకు వచ్చేసరికి ‘క్లచ్ మెల్లగా వదులు’ అని ఒక్క మాటతో దాటేస్తాడు. మెల్లగా అంటే ఎంత, ఎక్కడిదాకా, ఎక్కడ ఆగాలి అన్నవాటికి అతని దగ్గర జవాబు ఉండదు.

జవాబు ఎందుకు ఉండదో తెలియాలంటే ఆ పెడల్ కింద జరిగేది చూడాలి. ఇంజనుతోపాటు తిరిగే బరువైన చక్రానికీ, గేర్‌బాక్సులోకి వెళ్ళే ఇరుసుకూ మధ్య క్లచ్ ప్లేటు ఉంటుంది. పెడల్ తొక్కితే ప్లేటు మీది ఒత్తిడి పోయి ఇంజనుకూ చక్రాలకూ సంబంధం తెగుతుంది. వదిలేకొద్దీ ప్లేటు తిరిగే చక్రాన్ని ఒరుసుకుంటూ కొంచెం కొంచెంగా పట్టు తెచ్చుకుంటుంది. ఆ పట్టు దొరికీ దొరకని చోటునే మనం హాఫ్ క్లచ్ అంటాం. అక్కడ ఒక్క క్షణం కాలు నిలిస్తే బండి నునుపుగా కదులుతుంది. నిలవకపోతే ఒక్క కుదుపుతో ఇంజను ఆగిపోతుంది. ఆ చోటు బండి బండికీ మారుతుంది, చాలా కార్లలో ప్లేటు అరిగేకొద్దీ కూడా మారుతుంది. గేర్లు గరగరమనకుండా కలిసేందుకు 1928లో క్యాడిలాక్ కార్లలో సింక్రోమెష్ వచ్చింది. అంతకుముందు ఒక్కో గేరుకు క్లచ్ రెండేసి సార్లు తొక్కాల్సి వచ్చేది. ఆ శ్రమను యంత్రం తన మీద వేసుకుంది కానీ, హాఫ్ క్లచ్ పట్టుకునే పని ఈనాటికీ మనిషి పాదానిదే. పదేళ్ళుగా నడుపుతున్నవాడి పాదానికి అది తెలుసు, కానీ ఆ తెలివి మాటల్లోకి రాదు. సియాన్ బీలాక్, థామస్ కార్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2001లో గోల్ఫ్ ఆటగాళ్ళ మీద చేసిన ప్రయోగంలో ఇదే తేలింది. బంతిని గుంటలో వేయడంలో ఆరితేరినవాళ్ళను ఆ పని ఎలా చేయాలని అడిగితే బాగానే చెప్పారు. ఇప్పుడే వేసిన ఆ ఒక్క బంతిని సరిగ్గా ఎలా కొట్టారని అడిగితే మాత్రం కొత్తవాళ్ళకంటే తక్కువ గుర్తు తెచ్చుకోగలిగారు. నైపుణ్యం కుదిరాక చేసే పని మనసుకు కనిపించడం మానేస్తుంది. బాగా నడిపేవాడే బాగా నేర్పుతాడన్న మన నమ్మకం ఇక్కడే బెడిసికొడుతోంది.

రెండో సంగతి నేర్చుకునే మనిషి తలలో జరిగేది. ఇజ్రాయెల్‌లో డేవిడ్ షినార్, ఆయన సహచరులు 1998లో ప్రచురించిన అధ్యయనం నాకు ఈ విషయంలో అన్నిటికంటే విలువైనదిగా తోస్తుంది. కొత్తగా లైసెన్సు వచ్చినవాళ్ళనూ, అనుభవం ఉన్నవాళ్ళనూ గేర్ల కార్లలో, ఆటోమేటిక్ కార్లలో నగరం మధ్య నడిపించి, దారి పక్క బోర్డులు ఎన్ని గుర్తించారో చూశారు. అనుభవజ్ఞులకు ఏ కారైనా తేడా రాలేదు. కొత్తవాళ్ళు మాత్రం గేర్ల కారులో బోర్డులను ఎక్కువగా గమనించకుండా వదిలేశారు. గేరు మార్చడమనే పని వాళ్ళ దృష్టిలో అంత భాగాన్ని తినేసింది. దీన్ని మన కారులోకి తెచ్చుకోండి. రెండు కాళ్ళు మూడు పెడల్స్ మీద, ఎడమ చెయ్యి గేరు మీద, కళ్ళు రోడ్డు మీద పెట్టి, తలలో ఇంకేమీ పట్టని మనిషికి పక్కనుంచి ఒకదాని మీద ఒకటి ఆదేశాలు పడుతున్నాయి. స్కూటరు మీద ఎంతో నిబ్బరంగా కూడలి దాటే మనిషి ఆ కూడలిలోనే కారు ఆపేసి బిత్తరపోవడానికి ధైర్యం లేకపోవడం కారణం కాదు, తలకు మించిన బరువు కారణం. అరిచిన ప్రతి మాటా ఆ బరువును పెంచుతుంది. చెప్పే మాట నిజమే అయినా సరే.

ఎక్కువ చెప్పడం వల్ల ఇంకో చెడు కూడా ఉంది. శరీరంతో నేర్చుకునే పనుల మీద సాల్మోని, ష్మిట్, వాల్టర్ 1984లో చేసిన సమీక్ష తర్వాత బలపడిన అవగాహన ఒకటుంది. ప్రతి ప్రయత్నానికీ వెంటనే తప్పొప్పులు చెబుతూ పోతే సాధన సమయంలో పని చక్కగా సాగినట్టు కనిపిస్తుంది. చెప్పే మనిషి లేని రోజున కుంటుపడుతుంది. నేర్చుకునేవాళ్ళు తమ కాలికీ చెవికీ తెలిసే సంకేతాలను వదిలేసి పక్కవాళ్ళ గొంతును ఆసరాగా పట్టుకుంటారు. ‘నేను పక్కనుంటే బాగానే నడుపుతుంది, ఒంటరిగా అయితేనే భయం’ అని భర్తలు అంటుంటారు. ఆ భయం తమ పాఠం వల్ల మిగిలిందేమోనని ఒకసారి ఆలోచించాలి.

అంత మాత్రాన భర్తల కంగారు ఉత్తిదని అనను. అది పూర్తిగా న్యాయమైన కంగారు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 3వది, ఎల్‌ఎల్‌ఆర్ అనే లెర్నర్ లైసెన్సు మీద నడిపే మనిషి పక్కన చెల్లుబాటు లైసెన్సు ఉన్న వ్యక్తి బండిని అదుపు చేయడానికో ఆపడానికో వీలైన చోట కూర్చోవాలంటుంది. డ్రైవింగ్ స్కూలు కారులో శిక్షకుడి కాళ్ళ దగ్గర కూడా పెడల్స్ ఉంటాయి. 24వ నియమం స్కూళ్ళకు ఆ ఏర్పాటును తప్పనిసరి చేసింది. ఇంటి కారులో భర్త కాళ్ళ దగ్గర కేవలం చాప ఉంటుంది. తన పెళ్ళాం, తన బండి, ఎదురుగా లారీ, కాలికి అందే బ్రేకు లేదు. కాలికి బ్రేకు లేని మనిషి నోటినే బ్రేకుగా వాడతాడు. అతని కోపంలో ముప్పావు వంతు భయమే. అయితే అది భయమని అతను చెప్పడు, ఆమెకు అది కోపంగానే చేరుతుంది. వీలున్నది ఒక్కటే, రెండు సీట్ల మధ్య ఉన్న హ్యాండ్ బ్రేకు. మెల్లగా వెళ్ళేటప్పుడు అది బండిని ఆపగలదు. వేగంలో ఒక్కసారిగా లాగితే వెనక చక్రాలు పట్టేసి బండి పక్కకు తిరగొచ్చు. అంటే మొదటి రోజుల్లో పాఠం హ్యాండ్ బ్రేకు ఆపగలిగే వేగం దాటకూడదు, మనుషులు లేని చోటే సాగాలి. ఈ ఒక్క సంగతి ముందే తెలిసి, చెయ్యి అక్కడ సిద్ధంగా ఉంటే పక్క సీటు గొంతు సగం తగ్గుతుంది.

ఇంత తతంగం ఎందుకు, డ్రైవింగ్ స్కూల్లో చేర్పిస్తే పోలేదా అనే ప్రశ్న వస్తుంది. చేర్పించాలి, మొదటి అడుగు అక్కడే వేయాలని నేనూ అంటాను. 31వ నియమం ప్రకారం సొంత వాహనాల శిక్షణ 21 రోజులకు తగ్గకూడదు, అందులో బండి నడిపే సమయం 10 గంటలకు తగ్గకూడదు. గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాలకు 2021లో తెచ్చిన నియమాలు, తరగతి పాఠాలతో కలిపి, నాలుగు వారాల్లోగా 29 గంటల శిక్షణ ఉండాలన్నాయి. కానీ స్కూలుతోనే పని అయిపోతుందనుకుంటే పొరపాటు. రద్దీలో ఇంజను ఆగిపోకుండా తన కాళ్ళ దగ్గరి క్లచ్చునూ బ్రేకునూ చాలామంది శిక్షకులు తామే తొక్కుతారు. నేర్చుకునే మనిషి స్టీరింగు తిప్పుతూ తానే నడుపుతున్నానని అనుకుంటుంది. తీరా ఇంటి కారులో కూర్చున్న రోజున మొదటి కూడలిలోనే బండి ఆగిపోతుంది. స్కూలు పాఠం తర్వాత ఇంటి పాఠం తప్పదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? బ్రిటన్‌లో లైసెన్సు పరీక్ష నిర్వహించే సంస్థ అంచనా ప్రకారం అక్కడ కొత్తవాళ్ళు సగటున 45 గంటలు శిక్షకుడి దగ్గర, 22 గంటలు ఇంటివాళ్ళతోనో మిత్రులతోనో సాధన చేస్తారు. రెండూ కలిస్తేనే డ్రైవరు తయారవుతాడని అక్కడ ఒప్పుకున్నారు. మన నియమం చెప్పే 10 గంటల పక్కన ఆ 67 గంటలను పెట్టి చూస్తే, మిగతా గంటలు ఎక్కడి నుంచి రావాలో తెలుస్తుంది.

ఆ మిగతా గంటలు నిజంగా ప్రాణాలు కాపాడతాయా అంటే దానికి జవాబు స్వీడన్‌లో ఉంది. 1993లో ఆ దేశం లైసెన్సు వయసును 18 దగ్గరే ఉంచి, తోడుతో సాధన చేసే వయసును పదహారుకు తగ్గించింది. ఆ అవకాశం వాడుకున్న పిల్లలు లైసెన్సుకు ముందు సగటున 118 గంటల దాకా నడిపారని, తర్వాత వాళ్ళ ప్రమాదాలు నూటికి నలభై దాకా తగ్గాయని గ్రెగర్సెన్ బృందం 2000లో ప్రకటించింది. వాళ్ళ పక్కన కూర్చున్నది ఎక్కువగా ఇంటివాళ్ళే. అంటే ఇంటి మనిషి నేర్పడం పనికిరాదన్న వాదనకు బలం లేదు. అయితే స్వీడన్ అక్కడితో ఆగలేదు. 2006 నుంచి నేర్చుకునే మనిషితోపాటు పక్కన కూర్చునే మనిషి కూడా ఒక పరిచయ తరగతికి హాజరుకావాలి. అది అయ్యాకే ఇద్దరూ కలిసి రోడ్డెక్కాలి. పక్కన కూర్చునేవాళ్ళకు కనీసం 24 ఏళ్ళు, కొన్నేళ్ళ డ్రైవింగ్ అనుభవం కూడా ఉండాలి. మన నియమం మాత్రం లైసెన్సు ఒకటి ఉంటే చాలంటుంది. నిన్న లైసెన్సు వచ్చినవాడు నేడు గురువు కావచ్చు. నడపడం వచ్చినంత మాత్రాన నేర్పడం రాదని స్వీడన్ చట్టంలోనే రాసుకుంది. ఆ మాట మన ఇళ్ళలోకి రావాలంటే చట్టం మారేదాకా కాచుకోనక్కర్లేదు.

పక్క సీటు పాఠంలో ఏముండాలి? మొట్టమొదట, ఎక్సలేటరును మరిచిపోవాలి. ఈనాటి కార్ల ఇంజన్లు ఆగిపోకుండా తమంతట తామే ఇంధనం సర్దుకుంటాయి. చదునైన చోట ఫస్ట్ గేరులో పెట్టి, ఎక్సలేటరు తాకకుండా క్లచ్ మాత్రమే వదులుతూ పోతే బండి నడక వేగంతో దానంతట అదే కదులుతుంది. ఇలా కదపడం, ఆపడం, మళ్ళీ కదపడం. ఒక కాలి పని పూర్తిగా కుదిరాక రెండో కాలు. హాఫ్ క్లచ్ దగ్గర ఇంజను శబ్దం దిగుతుంది, బండి ముక్కు కొంచెం పైకి లేస్తుంది, నేల చిన్నగా వణుకుతుంది. ఆ గుర్తులను ఆమె తానే చెప్పాలి. భర్త అడగాల్సిన ప్రశ్న ‘ఇప్పుడేం తెలిసింది?’ అన్నదే. తర్వాత, పాఠం పొట్టిగా ఉండాలి. ఆదివారం ఒక్కరోజే మూడు గంటలు నేర్పితే వారం పాఠం అయిపోయిందనుకుంటాం. అలెన్ బాడ్లీ, లాంగ్‌మన్ 1978లో బ్రిటన్ తపాలా ఉద్యోగులకు టైపింగ్ నేర్పి చూసినప్పుడు, రోజుకు ఒక్క గంట చొప్పున నేర్చుకున్నవాళ్ళు అందరికంటే తక్కువ గంటల్లో పని పట్టారు. విచిత్రమేమిటంటే, తమ శిక్షణ మీద అందరికంటే తక్కువ తృప్తి చెందినవాళ్ళూ వాళ్ళే. రోజులు ఎక్కువ పడుతున్నాయని వాళ్ళ బాధ. అరగంట పాఠం చాలా తక్కువని ఇంట్లో అనిపించినప్పుడు ఈ తపాలా ఉద్యోగులను తలచుకోవాలి.

ఇక సూరత్‌కు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఊరు బల్లపరుపు. మామూలు వీధుల్లో ఎత్తు అనేదే తగలదు. తగిలేదల్లా తాపీ మీది వంతెనల దగ్గరా, ఫ్లైఓవర్ల దగ్గరా. వందకు పైగా వంతెనలున్న ఈ ఊరిని వంతెనల నగరం అనడం ఇక్కడి అలవాటు. వేసులోనో పాల్‌లోనో ఖాళీ రోడ్డు మీద నెలరోజులు బాగా నడిపిన మనిషి సాయంత్రం రద్దీలో రింగ్ రోడ్డు ఫ్లైఓవరెక్కి సగంలో ఆగాల్సి వస్తే ఏమవుతుంది? ముందు టెంపోలో బట్టల మూటలు, వెనక బంపరుకు ఆనుకుని బైకు. బ్రేకు మీది కాలు ఎక్సలేటరు మీదికి వెళ్ళేలోపు బండి వెనక్కి జారుతుంది. నెలరోజుల ధైర్యం ఆ ఒక్క జారుడులో పోతుంది. ఎత్తు అంటే భయం కార్లంత పాతది. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకులతో ఆయన తయారుచేసిన బండిలో మన్‌హైమ్ నుంచి ఫోర్‌ట్స్‌హైమ్‌కు సుమారు వంద కిలోమీటర్లు వెళ్ళినప్పుడు, ఎత్తుల దగ్గర బండిని తోయాల్సి వచ్చింది. ఎత్తెక్కడానికి ఇంకో గేరు కావాలన్న సూచన ఆమెదేనని చెబుతారు. ఈ చిక్కుకు విరుగుడు మన నియమాల పుస్తకంలోనే ఉంది. లైసెన్సు పరీక్షలో ఏమేం చూడాలో చెప్పే 15వ నియమం, నిటారు ఎత్తు మీద ఆగి, హ్యాండ్ బ్రేకు సాయంతోనో, ఎక్సలేటరు, బ్రేకుల సాయంతోనో, వెనక్కి జారకుండా మళ్ళీ కదలాలంటుంది. గుజరాత్ ఆర్టీఓల్లో సెన్సర్లు బిగించిన ట్రాకుల మీద ఈ జారుడును యంత్రమే పట్టుకుంటుంది. పద్ధతి కష్టం కాదు. హ్యాండ్ బ్రేకు లాగి ఉంచి, ఫస్ట్ గేరు వేసి, కొంచెం ఎక్సలేటరు ఇస్తూ, బండి ముక్కు లేచేదాకా క్లచ్ వదిలి, అప్పుడు హ్యాండ్ బ్రేకు దించడమే. దీన్ని రద్దీ లేని పొద్దుటి పూట ఏదైనా వంతెన మొదట్లోని వాలు మీద పది పదిహేను సార్లు చేయించాలి. చాలామంది అనుభవజ్ఞులు హ్యాండ్ బ్రేకు వాడకుండా కాళ్ళతోనే ఎత్తు దాటేస్తారు, అదే గొప్ప అనుకుంటారు, భార్యకూ అదే నేర్పబోతారు. ఇది నాకు అన్నిటికంటే కోపం తెప్పించే అలవాటు. నియమమే అనుమతించిన ఆసరాను కొత్తవాళ్ళకు ఎందుకు దూరం చేయాలి?

ఈ కష్టమంతా ఎందుకు, ఆటోమేటిక్ కారు కొంటే పోతుంది కదా అనేవాళ్ళ మాట తీసిపారేయదగ్గది కాదు. షినార్ అధ్యయనం కూడా కొత్తవాళ్ళకు ఆటోమేటిక్ తేలికనే చెబుతోంది. 2014లో సెలేరియోతో మొదలైన, క్లచ్ పెడల్ లేని ఏఎంటీ కార్లు ధరను కూడా కిందికి తెచ్చాయి. మన దేశంలో గేర్ లేని స్కూటరుకు లైసెన్సులో వేరే విభాగం ఉన్నట్టు కారుకు లేదు కాబట్టి, ఆటోమేటిక్ మీద నేర్చుకున్నా లైసెన్సుకు ఇబ్బంది రాదు. కొనగలిగినవాళ్ళు కొనాలి, అందులో చిన్నతనం ఏమీ లేదు. కానీ సూరత్‌లో సీఎన్‌జీ కారు సామాన్యుడి కారు. కంపెనీయే సీఎన్‌జీ బిగించి ఇచ్చే కార్లలో క్లచ్ పెడల్ లేనిది మన మార్కెట్‌కు మొదటిసారి వచ్చింది 2024 ఫిబ్రవరిలో, టియాగో, టిగోర్‌లతో. అంతకుముందు అమ్ముడైనవన్నీ గేర్లవే. ఇప్పుడు సెకండ్ హ్యాండ్ బజారులో తిరుగుతున్నవీ, లింబాయత్ ఇళ్ళ ముందుకు వస్తున్నవీ అవే. ఆస్పత్రికి వెళ్ళాల్సిన రాత్రి ఇంట్లో ఉన్న కారునే నడపాలి, కొనాలనుకున్న కారును కాదు. సాపుతారా ఘాట్ దిగేటప్పుడు చిన్న గేరు వేసి ఇంజనుతోనే బండిని పట్టి ఉంచడం తెలిసిన మనిషికి ఏ కారిచ్చినా దాని బరువు అర్థమవుతుంది.

మొగుడు పెళ్ళాల మధ్య ఈ నియమాలూ తరగతులూ ఎబ్బెట్టుగా ఉంటాయి, ఆమె స్వభావం అతనికి తెలిసినంత బయటివాళ్ళకు తెలుస్తుందా అన్నది ఇంకో అభ్యంతరం. తెలియదన్నది నిజమే. కొత్త మగ శిక్షకుడి పక్కన కూర్చోవడానికి ఇష్టపడని స్త్రీలూ ఉన్నారు. ఆడ శిక్షకులున్న స్కూలు దొరికితే వెతుక్కోవడం మంచిది, దొరకనప్పుడు భర్తే దిక్కు. అయితే స్వభావం తెలియడం రెండువైపులా పనిచేస్తుంది. శిక్షకుడు బాగా చెప్పకపోతే ‘ఇంకోసారి చెప్పండి’ అని అడగడానికి సంకోచం ఉండదు, నచ్చకపోతే స్కూలే మార్చుకోవచ్చు. ఏమండీ అని పిలిచే మనిషిని ‘కాసేపు మాట్లాడకండి’ అనడం మన ఇళ్ళలో చాలామంది ఆడవాళ్ళకు అంత తేలిక కాదు. కారులో జరిగిన మాట కారు దిగాక వంటింట్లోకి వస్తుంది, అత్తగారి ముందుకు వస్తుంది, పండగ నాడు చుట్టాల మధ్య కథగా మారుతుంది. ఇంజను ఆగిపోయిన సంగతి స్కూల్లో పాఠం. ఇంట్లో అది పరువు. అందుకే ఇంజను స్టార్టు చేయకముందే ఇద్దరూ ఒప్పుకోవలసిన కట్టుబాట్లు కొన్ని ఉండాలి. బండి కదులుతున్నప్పుడు వాడే మాటలు నాలుగైదే: ఆపు, మెల్లగా, ఎడమకు, కుడికి. విడమరిచి చెప్పాల్సింది ఏదైనా ఉంటే బండి పక్కకు ఆపి, న్యూట్రల్‌లో పెట్టాకే. ఈ రోజుకు చాలు అనే హక్కు ఆమెది. కారులో జరిగింది బయట చెప్పకూడదు. భర్తకు భార్య నేర్పే ఇళ్ళూ ఉన్నాయి, వాళ్ళకూ ఇవే వర్తిస్తాయి.

ఖర్చు గురించి రెండు మాటలు. క్లచ్ ప్లేటు అరిగిపోతుందన్న దిగులుతో చాలామంది భర్తలు పాఠం ఆపేస్తారు. కొత్తవాళ్ళ కాలు ప్లేటును కొంత అరగదీసే మాట నిజమే, అది నేర్చుకునే ఖర్చులో భాగం. ప్రమాదం జరిగితే బీమా రాదన్న అపోహ దానికంటే పెద్ద అడ్డు. ప్రైవేటు కార్ల బీమా పాలసీలో డ్రైవరు షరతు చదివితే, 3వ నియమాన్ని పాటించే ఎల్‌ఎల్‌ఆర్ ఉన్న మనిషి కూడా నడపవచ్చని అందులోనే ఉంటుంది. అంటే ముందూ వెనకా తెల్ల పలక మీద ఎర్ర ఎల్ అక్షరం, పక్కన లైసెన్సున్న మనిషి ఉండాలి. సొసైటీలో అందరూ చూస్తారని ఎల్ బోర్డు పెట్టడానికి సిగ్గుపడితే బీమాను కూడా వదులుకున్నట్టే.

ఈ పక్క సీటు తరగతిని సూరత్‌లో మొదలుపెట్టడం పెద్ద పని కాదు. స్కూలు వాళ్ళు 21 రోజుల్లో ఒక్క రోజు భర్తను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, శిక్షకుడు ఎప్పుడు మాట్లాడుతున్నాడో, ఎప్పుడు ఊరుకుంటున్నాడో చూడనిస్తే చాలు. అదే రోజు శిక్షకుడు తన పెడల్స్ మీది కాళ్ళు తీసేసి, ఆమె క్లచ్ ఎంతవరకు కుదిరిందో ఇద్దరికీ చూపించాలి. తెలుగు సంఘాలు తలచుకుంటే లింబాయత్‌లోని తెలుగు బడిలో ఒక ఆదివారం పూట, హిందీ గుజరాతీల్లో అర్థమయ్యీ కానట్టుండే ఆర్టీఓ నియమాలను తెలుగులో చెప్పించవచ్చు, దంపతులిద్దరూ వస్తేనే పేరు రాసుకుంటామనవచ్చు. ఎల్‌ఎల్‌ఆర్ వచ్చాక 30 రోజులు ఆగితే గానీ పరీక్షకు వెళ్ళడానికి లేదు, అది ఆరు నెలలు చెల్లుతుంది. ఆ ఆరు నెలలనూ వాడుకోవాలి, ముప్పై ఒకటో రోజునే పరీక్షకు పరుగెత్తనక్కర్లేదు. లైసెన్సు చేతికొచ్చాక వారంలో కొన్ని పనులు, బడి దగ్గర పిల్లల్ని దించడమో, అడాజణ్ వెళ్ళి సరుకులు తేవడమో, ఆమె కారులోనే చేయాలని, ఆ వేళకు తాళంచెవి ఆమె దగ్గరే ఉండాలని ముందే అనుకోవాలి. మొదటి రెండు వారాలు భర్త వెనక సీట్లో కూర్చోవచ్చు. ఆ తర్వాత అతను ఆ కారులో ఉండకూడదు.